చెవిమేకు వింటోంది

నమోదు 41

కరణానికి పంపింది: ఇంట్లోనే ఉన్నాను. గోడ నెర్రె అలాగే ఉంది. నాకేమీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది లేదట! మొదట్లో ఉన్నదున్నట్టు రాసి పంపేదాన్ని. అలా పంపిన ప్రతిసారీ ‘మీ ఇబ్బందిని వివరించండి’ అంటూ బోలెడు ప్రశ్నలు తిరిగొచ్చేవి. వాటికి జవాబులు చెప్పేసరికి పొయ్యి మీద అన్నం మాడిపోయేది. అందుకే ఇప్పుడు కరణానికి పంపే మాట వేరు, ఇక్కడ నాకోసం రాసుకునే మాట వేరు.

కరణం అంటే మనిషి కాదు. గంటమెట్ట ఊరి కింద సొరంగ రహదారి ఎటునుంచి ఎటు పోవాలో లెక్కకట్టే యంత్రం. సొరంగం పని చూసే సంఘం వాళ్ళు దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. ఎదురింటి పోలినాయుడు మావయ్య, “ఊరందరి బూములూ ఒకడి సేతిలో ఎట్టుకుని కూకున్నాడంటే ఆడు కరణమేనే” అన్నాడు. ఆ పేరే ఊరంతా పాకింది.

ఇవాళ తలుపు మళ్ళీ పట్టేసింది. ఇల్లు ఒక పక్కకి ఒరగడంతో కింది అంచు గడపకి రాసుకుంటోంది. చిత్రిక పట్టిస్తే నిమిషాల పని. కానీ గీత తేలేవరకు మా వీధిలో ఎవరూ ఇంటికి మరమ్మతు చేసుకోకూడదు. మేకు కొట్టకూడదు, సున్నం వేయకూడదు, అమ్మకూడదు. నెర్రెలోంచి వానచినుకులు లోపలికి వస్తుంటే గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. ఆరేళ్ళ నుంచీ ఇదే బతుకు.

గీత అంటే సొరంగం పోయే దారి. పోయిన నెల పోలినాయుడు మావయ్య ఇంటి కింద ఉంది. అంతకుముందు నా వంటగది కింద. ఈ నెల ఎక్కడుందో నిన్న అడిగితే ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. సొరంగం నోరు ఎవరి వీధిలో తెరుచుకుంటే ఆ వీధి ఇళ్ళన్నీ పోతాయి. బదులు ఇళ్ళు ఇస్తారట, ఎక్కడో ఒకరికి, ఇంకెక్కడో ఒకరికి.

నమోదు 42

కరణానికి పంపింది: ఇంట్లోనే ఉన్నాను. నడిచాను.

బోడవలస నుంచి అన్నయ్య మాట పంపించాడు. ముత్యాలన్నయ్య ఎప్పుడూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. ఇవాళ నాలుగు మాటలకి ఒకసారి ఆగుతున్నాడు. “ఊపిరి అందట్లేదే సూడామణీ. ఓపాలి వొచ్చిపో. మళ్ళీ మళ్ళీ రమ్మననులే” అన్నాడు.

అమ్మానాన్నల తర్వాత నాకు మిగిలింది అన్నయ్యే. మా ఆయన పోయాక నన్ను ఈ ఇంట్లో దించి, మంచువలలు అల్లడం నేర్పించి, నా కాళ్ళ మీద నన్ను నిలబెట్టింది అన్నయ్య. ఇప్పుడు ఊరి మేడలన్నిటి మీద మంచులోంచి నీళ్ళు పట్టే వలల్లో సగం నా చేతి అల్లికే. ఆ అన్నయ్య రమ్మంటే నేను వెళ్ళలేను.

ఎందుకంటే నా వంటగది గచ్చులో ఒక చెవిమేకు ఉంది. గీత వెళ్ళే అవకాశమున్న ప్రతి ఇంట్లోనూ ఉంది. నేల లోపలి కదలికలన్నీ విని కరణానికి చెప్పడం దాని పని. మనుషులున్నారా లేరా అన్నది కూడా అదే వింటుంది. దిగ్గొట్టిన రోజున నన్ను ఇటు అటు నడిపించి నా అడుగుల చప్పుడు దానికి గుర్తుపట్టించారు. ఒక పొద్దు నుంచి ఇంకో పొద్దు వరకు నా అడుగు వినబడకపోతే ఆకుపచ్చగా వెలిగే దాని దీపం పసుపు అవుతుంది. రెండో పొద్దుకి ఎర్రదీపం. ఎర్రదీపం వెలిగితే ఖాళీ ఇల్లని రాసేస్తారు. ఇల్లూ లేదు, బదులు ఇల్లూ లేదు. వేరేవాళ్ళొచ్చి నడిస్తే కుదరదు. కాల్లో ముల్లు గుచ్చుకుని పోలినాయుడు మావయ్య కుంటినందుకే వాళ్ళింట్లో పసుపు దీపం వెలిగింది.

కొండకి ఇవతల నేను, అవతల అన్నయ్య. కిందరోడ్డుని సముద్రం తీసేసుకుంది. ఇక మిగిలింది ఘాటు రోడ్డు. వెళ్ళడానికి ఒక రోజంతా, రావడానికి ఒక రోజంతా. నిజం చెప్పొద్దూ, సొరంగం ఉంటే గంటలో అన్నయ్య ముందు ఉండేదాన్ని. అందుకే ‘సొరంగం వద్దు’ అని అరిచేవాళ్ళతో గొంతు కలపలేకపోతున్నాను. కట్టేస్తే కట్టేయండి, లేదా పొమ్మనండి. ఇలా మధ్యలో వేలాడదీయకండి.

నమోదు 47

కరణానికి పంపింది: సమావేశానికి హాజరయ్యాను. సంతృప్తికరం.

సంతృప్తి ఎవరికో నాకు తెలీదు. సంఘం తరఫున వచ్చిన నీహారిక అనే అమ్మాయి గోడ మీద మూడు గీతలు చూపించింది. ఎగువది, నడిమిది, దిగువది. మూడూ చుక్కచుక్కలుగానే ఉన్నాయి.

“ఇందులో ఏది ఖాయమమ్మా?” అని అడిగాను.

“ఇంకా ఏదీ నిర్ణయం కాలేదండీ. అందరి అభిప్రాయాలూ తీసుకుంటున్నాం.”

“ఆరేళ్ళుగా తీసుకుంటున్నారు గదా, ఇంకా కడుపు నిండలేదా?” అన్నాను. అందరూ నవ్వారు. పాపం ఆ అమ్మాయి కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఊరెళ్ళడానికి మూడు రోజులు సెలవు ఇమ్మని అడిగితే, నియమాల్లో సెలవు అనే మాటే లేదంది.

బయటికొచ్చాక పోలినాయుడు మావయ్య మమ్మల్నందరినీ అరుగు దగ్గర కూర్చోబెట్టాడు. రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, గొంతు మాత్రం ఇంకా క్రేను మీదే ఉంది.

“ఒలే, మీరెవలూ గమనించలేదేటి? గీత పిండిమిల్లు సందు కాడికి ఎల్లినాది, ఎంటనే ఎనక్కి ఒచ్చీసినాది. ఎందుకు? మిల్లు దడదడలాడతాది గనక! కరణానికి సప్పుడంటే పడదు. మనం సప్పుడు సేద్దాం. నేల దద్దరిల్లాల.”

“మిల్లు ఎక్కడి నుంచి తెస్తాం మావయ్యా?”

“మిల్లెందుకే? మీ ఇళ్ళల్లో రోళ్ళు లేవేటి?”

నమోదు 49

కరణానికి పంపింది: వంట చేసుకున్నాను.

మా అత్తగారి రోలు ఇన్నాళ్ళూ పెరట్లో తులసి కుండీకి పీటగా పడి ఉంది. పిండి, కారం అన్నీ సర్కారు వంటశాల నుంచి ముద్దలుగా వస్తుంటే రోలుతో ఎవరికి పని? ఇవాళ దాన్ని దొర్లించుకుంటూ వంటగదిలోకి తెచ్చి, చెవిమేకు పక్కనే పెట్టాను. రోకలి మాత్రం పక్కింటి హుసేన్‌ బీ ఇచ్చింది.

పొద్దున్నే మొదలుపెట్టాం. వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే పోటు. ఒక ఇల్లు అలిసిపోతే ఇంకో ఇల్లు అందుకుంటుంది. మొదటి రోజే అందరూ ఎండుమిరపకాయలు పోసుకోవడంతో వీధంతా తుమ్ములు. పోలినాయుడు మావయ్య తుమ్మి తుమ్మి, “తుమ్ములు కూడా లెక్కలోకొస్తాయే, గట్టిగా తుమ్మండి!” అని అరిచాడు. చాలా కాలానికి కడుపుబ్బ నవ్వాను. రేపటికి పసుపు కొమ్ములు, బియ్యం అని వంతులు వేసుకున్నాం.

నమోదు 58

కరణానికి పంపింది: ఇంట్లోనే ఉన్నాను.

ఇది పచ్చి అబద్ధం. కానీ కరణం నమ్మింది. ఎలాగో రాస్తాను.

నిన్న పొద్దున్నే ఎగువ పేటకి కొత్త వల బిగించడానికి వెళ్ళాను. గాలివాన పట్టుకుని అక్కడే చిక్కుబడిపోయాను. ఇవాళ మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరలేదు. పొద్దు దాటిపోయింది కదా, దీపం పసుపు అయి ఉంటుందనుకుంటూ వంటగదిలోకి తొంగిచూశాను. పచ్చగానే ఉంది. దాని పక్కన హుసేన్‌ బీ చెమటలు కక్కుతూ బియ్యం దంచుతోంది.

“మా రోలు పగిలిపోయిందక్కా. నీ తలుపు ఎలాగూ మూసుకోదు గదా, నిన్నట్నుంచీ ఈడే దంచుతున్నాను. కోప్పడకు” అంది.

ఇద్దరం దీపం వంక చూశాం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అడుగుల్లో ఎవరి నడక వారిదే గానీ, రోకటి పోటు ఎవరు వేసినా ఒకటే. పోటు పడుతున్నంతసేపూ ఇంట్లో ఎవరున్నారో చెవిమేకుకి తెలీదు. మనిషి ఉందనే అనుకుంటుంది.

“అక్కా, నువ్వు మీ అన్న కాడికి పోవచ్చు” అంది హుసేన్‌ బీ. నాకు ఏడుపొచ్చింది. ఆమె చేతులు పట్టుకుంటే అరచేతుల నిండా బొబ్బలు.

నమోదు 60

కరణానికి పంపింది: ప్రకటన చదివాను.

రెండు చీరలు, అన్నయ్యకి ఇష్టమని దంచిన నువ్వుల పొడి, అన్నీ సంచిలో సర్దుకున్నాను. రేపటి బస్సుకి పేరు కూడా రాయించాను. ఈలోగా అందరి అరచేతి పలకల మీదా ప్రకటన వచ్చిపడింది.

నడిమి గీత. సొరంగం నోరు మా వీధిలో. ప్రాథమిక ఎంపిక అట.

పోలినాయుడు మావయ్య పలకలోనే నీహారికని పిలిచి నిలదీశాడు. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. పిండిమిల్లు సందులో మట్టి మెత్తన. మిల్లు అదురుకి కదిలిపోతోందని కరణం దాన్ని వదిలేసింది. మా వీధిలో ఈ మధ్య ఎక్కడలేని దెబ్బలు పడ్డాయి, అయినా నేల ఇసుమంత కూడా కదలలేదు. కింద మంచి రాయి ఉందన్నమాట. “మీ వీధి నుంచి వచ్చినంత స్పష్టమైన ఆధారం ఊరు మొత్తంలో ఇంకెక్కడా రాలేదండీ” అంది. మెచ్చుకుంటోందో ఏమిటో!

మావయ్య అరుగు మీద కూలబడ్డాడు.  మా రాయి గట్టిదని మేమే దంచి దంచి చెప్పుకున్నాం.

అమావాస్య వరకు వినికిడి కొనసాగుతుంది, ఆ తర్వాతే తుది నిర్ణయం. ఆ ఒక్క ఆశ పట్టుకుని వీధంతా ఒక కట్టు కట్టింది. ఇక ఒక్క పోటు కూడా పడకూడదు. రోళ్ళు బయట పెట్టేయాలి. అడుగు కూడా మెత్తగా వేయాలి.

నా సంచి తలుపు పక్కనే ఉంది.

నమోదు 63

కరణానికి పంపింది: ఇంట్లోనే ఉన్నాను. నడిచాను.

ఇవాళ అరుగు దగ్గర నోరు విప్పి అడిగాను. మూడంటే మూడు రోజులు, నా ఒక్క ఇంట్లో, మెత్తగా, గుడ్డ చుట్టిన రోకలితో దంచనివ్వమని. హుసేన్‌ బీ నా తరఫున మాట్లాడింది. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. పోలినాయుడు మావయ్య ఒక్కడే సూటిగా నా వంక చూశాడు.

“వొద్దే సూడామణీ. నీ ఒక్కదాని కోసం ఇన్ని కొంపలు ముంచుకోలేం.”

“మా అన్నయ్యకి ఊపిరి అందట్లేదు మావయ్యా.”

“అందరికీ ఎవలో ఒకలున్నారు. నానేటి సెయ్యను?”

“అయితే మీ గోడలు నిలబడ్డం కోసం నేను అన్నయ్యని ఆఖరి చూపు కూడా చూసుకోకూడదన్నమాట!” అని అరిచి లేచి వచ్చేశాను. ఇన్నాళ్ళూ నన్ను కట్టిపడేసింది కరణం అనుకున్నాను. యంత్రం మీద కోపం కోపంలా అనిపించదు, వాన మీద విసుక్కున్నట్టు ఉంటుంది. ఇవాళ వీధి మొత్తం మీద కోపం వచ్చింది. ఎవరి మొహమూ చూడాలనిపించలేదు. చూడక ఎక్కడికి పోను? వాకిట్లోకి వస్తే వాళ్ళే, కిటికీ తీస్తే వాళ్ళే.

సాయంత్రం వంటగదిలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచాను. పచ్చదీపం. దాన్ని ఒక్క తన్ను తన్నాలనిపించింది. తన్నితే అది కూడా వింటుంది.

నమోదు 66

కరణానికి పంపింది: ఏమీ లేదు.

అన్నయ్య మాట: “ఏటైనాదే? రాలేదేటి?” అంతే. ఊపిరి చప్పుడే ఎక్కువ.

నమోదు 70

కరణానికి పంపింది: ప్రకటన చదివాను.

అమావాస్య వెళ్ళింది. మా వీధి నుంచి మొదట పెద్ద దెబ్బలు, ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. రెండింటికీ పొంతన కుదరలేదట. ‘తగిన ఆధారం లేనందున నిర్ణయం వాయిదా. మరో విడత వినికిడి జరుగును.’ మూడు గీతలూ మళ్ళీ చుక్కలైపోయాయి.

వీధిలో ఎవరూ సంబరపడలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. హుసేన్‌ బీ కొడుకు పెళ్ళి మాటలు మళ్ళీ ఆగాయి, గీత తేలని ఇంటికి పిల్లనెవరిస్తారు? పోలినాయుడు మావయ్య వాకిట్లో నిలబడి తన ఇంటి గోడని చేత్తో తడుముతూ ఉండిపోయాడు. ఇంకో విడత అంటే ఎన్నేళ్ళో అడగడానికి కూడా ఓపిక లేదు.

నాకు ఒకటి మాత్రం తేలిపోయింది. నేను బుద్ధిగా ఇంట్లో కూర్చున్నా, గంతులేసినా ఇది తెమిలేది కాదు. అన్నయ్య ఊపిరి దీనికోసం ఆగదు.

నమోదు 71

కరణానికి పంపింది: ఏమీ పంపలేదు.

పొద్దున్నే బయలుదేరాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి మళ్ళీ కాదనిపించుకోవడం దేనికి? దీపం ఎర్రగా అయితే అవనీ. ఇల్లు పోతే హుసేన్‌ బీ వసారాలో పడుకుంటాను, లేదా బోడవలసలోనే ఉండిపోతాను. సంచి భుజాన వేసుకుని తలుపు లాగాను. ఎప్పటిలాగే సగంలో పట్టేసింది. అలాగే వదిలేశాను.

వీధి చివర పోలినాయుడు మావయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో రోకలి. తగువుకే వచ్చాడనుకుని ముందే మొహం గట్టిగా పెట్టుకున్నాను.

“ఎల్తున్నావా?”

“వెళ్తున్నాను మావయ్యా. ఆపొద్దు.”

“ఎవులాపుతున్నారే? మాయమ్మ పోనాదని కబురొచ్చినపుడు నాను ఎల్లలేదు. ఈ దీపం సూసుకుంటా ఈడే కూకున్నాను. ఆ దీపం ఇంకా పచ్చగానే ఉన్నాది, ఏటి సేసుకోను?” రోకలి భుజం మార్చుకున్నాడు. “నువ్వెల్లు. బస్సు పోతాది.”

“వీధి కట్టు మాటేమిటి?”

“కట్టినోలమే గదా, ఇప్పుతాం. గీత ఒస్తే రానీ. ఇలాగెన్నాలు?”

నేను బస్సు దగ్గరికి చేరేలోపే వెనక మొదటి పోటు వినబడింది. నా వంటగదిలోంచే. తర్వాత పక్కింట్లోంచి. ఆ తర్వాత వీధి వీధంతా. ఒక్క ఇంట్లోనే దంచితే ఆ ఇంటి మీద అనుమానం వస్తుందని అన్ని ఇళ్ళూ కలిసి దంచుతున్నాయని బస్సు ఎక్కాక పలకలో హుసేన్‌ బీ చెప్పింది. కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నమోదు 72

కరణానికి పంపింది: ఇంట్లోనే ఉన్నాను.

బోడవలస చేరాను. అన్నయ్య మంచంలో పిడికెడంత అయిపోయాడు. కళ్ళు మాత్రం మునుపటిలాగే నవ్వుతున్నాయి. నన్ను చూసి చేయి చాపాడు. తర్వాత ఊపిరి కూడగట్టుకుని అడిగాడు.

“ఇంటి కాడ ఎవులున్నారే?”

“వీధంతా ఉంది” అన్నాను.

నువ్వుల పొడి చిటికెడు నాలిక మీద వేస్తే చప్పరించి, “నీ సేతిది గాదు. అమ్మ దంచినట్టున్నాది” అన్నాడు. అంతకన్నా నాకేం కావాలి?

నమోదు 75

కరణానికి పంపింది: ఇంట్లోనే ఉన్నాను. నాకేమీ ఇబ్బంది లేదు.

మూడు రోజుల్లో తిరిగి వెళ్ళిపోవాలనుకున్నాను. ఘాటు మీద కొండచరియ విరిగిపడింది. బస్సులు ఆపేశారు. ఒకందుకు మంచిదే అయింది. నిన్న మధ్యాహ్నం నా చేయి పట్టుకుని ఉండగానే అన్నయ్య వెళ్ళిపోయాడు. నేను పక్కన ఉన్నాను. ఈ మాట ఎన్నిసార్లు రాసుకున్నా నాకు తనివి తీరదు. నేను పక్కన ఉన్నాను.

పలకలో నా ఇంటి దీపం చూసుకున్నాను. పచ్చగా ఉంది.

నమోదు 78

కరణానికి ఏం పంపాలో తెలియడం లేదు.

ఘాటు ఇంకా తెరవలేదు, బోడవలసలోనే ఉన్నాను. ఇవాళ పొద్దున ప్రకటన వచ్చింది. ఈసారి చుక్కలు లేవు, ఒకటే నిండు గీత. నడిమిది. సొరంగం నోరు మా వీధిలోనే. తుది నిర్ణయం. ‘ఎడతెగని బలమైన ఆధారం లభించినందున’ అని రాశారు. సొరంగం అవతలి నోరు బోడవలసలో, అన్నయ్య ఇంటికి కూతవేటు దూరంలో తెరుచుకుంటుందట. ఇకమీదట గంటలో రావచ్చు. ఎవరి కోసం రావాలి?

వెంటనే పోలినాయుడు మావయ్యని పిలిచాను. పలకలో ఆయన మొహం కంటే ముందు చప్పుడు వచ్చింది. దడ్‌, దడ్‌, దడ్‌. వెనకాల నా వంటగది గోడ, దాని మీద నెర్రె కనిపించాయి. హుసేన్‌ బీ దంచుతోంది. ఇంకెవరో వంతు కోసం పక్కన కూర్చుని ఉన్నారు.

“ప్రకటన చూశారా మావయ్యా?”

“సూసినాం.”

“ముందే తెలీలేదా? గీత మన మీదికి వస్తోందని నీహారిక చెప్పలేదా?”

“సెప్పినాది. మొన్ననే సెప్పినాది, పోటు ఇలాగే పడితే ఖాయమైపోతాదని.”

“మరి అప్పుడైనా ఎందుకు ఆపలేదు!” అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

మావయ్యకి నా ప్రశ్న అర్థం కానట్టుంది. చెమట తుడుచుకుని, రోకలి అందుకుంటూ అన్నాడు.

“నువ్వింకా రాలేదు గదే.”